అడవి కొమ్మ, తోట వేరు

గత ఆదివారము లేపాక్షిలో, బసవన్న విగ్రహమునకు అల్లంత దూరమున నొక యింటి ముంగిట జరిగిన ప్రార్థనకూటములో, పైయూరినుండి విచ్చేసిన బోధకుడొకడు, ఇశ్రాయేలుతో దేవుడు చేసిన నిబంధన యెండిన మ్రాననియు, దానిని మొదలంట నరికి క్రీస్తుసంఘమను క్రొత్త మొక్కను నాటెననియు గంటసేపు ఘోషించెను. నాకు ఒళ్లు మండినది. యూదుల గ్రంథములను త్రోసివేయుడన్న మార్కియోనును రోమా సంఘము క్రీ.శ. 144లోనే వెలివేసినది, పాపము, ఆయన శిష్యులింకను మన మండువేసవిలో తిరుగుచునే యున్నారు.

అంటు కట్టుట నా వెఱ్ఱియని యీ శీర్షిక పాఠకులెఱుగుదురు. మా మెట్టనేలలో నాటుమామిడి టెంకను మొలిపించి, ఆ మొక్క పెన్సిలు మందమునకు రాగానే తల తుంచి, కాండమును నిలువున చీల్చి, ఇరువైపుల ఏటవాలుగా చెక్కిన బేనీషా కొమ్మను పచ్చపొరకు పచ్చపొర ఆనునట్లు దింపి బిగించి కట్టుదుము. అనావృష్టికి ఓర్చునది నాటువేరు, తీయని పండ్లనిచ్చునది పైకొమ్మ. రోమీయులకు పౌలు వ్రాసిన లేఖ 11వ అధ్యాయములోని ఒలీవచెట్టు మాత్రము తలక్రిందులు: అచట ఇశ్రాయేలను వేరు తోటది, అన్యజనులను కొమ్మ అడవిది. పౌలునకు తోటపని తెలియదని నవ్వువారు కలరు గాని, ఇది ప్రకృతివిరుద్ధమని ఆయనయే ఆ చోట ఒప్పుకొనుచున్నాడు. మోయు భారము వేరుదైనపుడు అడవినుండి వచ్చిన కొమ్మకు అతిశయము తగదనుటకే యీ తలక్రిందుల సేద్యము.

వేరు మాట వచ్చినపుడెల్ల నాకు గుంటూరు సీమలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెము జ్ఞప్తికి వచ్చును. బాప్టిస్టు సంఘములలో పెరిగిన మాదిగ కుటుంబములు కొన్ని, తాము ఇశ్రాయేలీయులలోని ఎఫ్రాయీము గోత్రమువారమని ప్రకటించి, 1990వ దశకారంభమున సమాజమందిరము నెలకొల్పుకొని, శనివారమున విశ్రాంతిదినము నాచరించుచున్నవి. అన్యజనులపై సున్నతి భారము మోపరాదని యెరూషలేము సభలో యాకోబు తీర్పు చెప్పిన పిమ్మట, ఇశ్రాయేలు రక్తమును వెదకికొను పని యెవరికేల? అంటుకొమ్మకు వంశావళి యెందులకు?

ఇట్లు వాదించుట సులువు. కాని, మన సంఘముల సంగతి చూడుడు: మా అనంతపురపు మెట్టను గూడ పీల్చివైచిన ధాతకరవు వెన్నంటి, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ పిదప మాల గుడి, మాదిగ గుడి యను భేదము సమసెనా? వియ్యమందునపుడు విశ్వాసులు కులమడుగుట మానిరా? పుట్టుక నడుగవలదన్న పౌలు మాట మన గుడులలోనే చెల్లనపుడు, కొత్తరెడ్డిపాలెమువారు అడిగినవారికి ఎఫ్రాయీము పేరు చెప్పిన, ఆ జవాబును కాదనుటకు నాకు నోరు రాదు.