కోయకుండా వదలాల్సినవి

1883 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జర్మన్ సర్జన్ల మహాసభ జరిగింది. బెర్న్ నగరం నుంచి వచ్చిన థియోడర్ కోచర్ అక్కడ చదివిన పత్రం సర్జన్లు మామూలుగా సభల్లో చదివే రకం కాదు. ఆపరేషన్లు బాగా జరిగాయి, గాయాలు మానాయి, రోగులు నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లారు, అసలు ముప్పు ఆ తర్వాత మొదలైంది అన్నది దాని సారాంశం.

ఆల్ప్స్ పర్వతాల నేలలో అయోడిన్ తక్కువ. అందుకే ఆ రోజుల్లో స్విట్జర్లాండ్ లోయల్లో గళగండం చాలా మామూలు జబ్బు. మెడ దగ్గర గడ్డ పెరిగి పెరిగి శ్వాసనాళాన్ని నొక్కేస్తుంటే కోయక తప్పదు. కోస్తేనేమో నెత్తురు ఆగదు. థైరాయిడ్ పట్టుమని 20 గ్రాముల గ్రంథే అయినా, దానికొచ్చే రక్తనాళాలు పెద్దవి. తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. కోచర్ ఒక్కో నాళాన్నీ వెతికి, పట్టి, కట్టి, అప్పుడు మాత్రమే కోసేవారు. మత్తుమందు వచ్చాక కూడా ‘ఎంత వేగంగా కోస్తే అంత గొప్ప’ అన్న పాత అలవాటు పోని కాలంలో, ఆయన నిదానానికే పేరు పడ్డారు. ఒకప్పుడు సర్జన్లు ముట్టుకోవడానికే జంకిన ఈ ఆపరేషన్‌లో ఆయన చివరి రోజులకల్లా మరణాలు నూటికి ఒకటి లోపుకు దిగాయి. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

కానీ 1874లో ఆయన థైరాయిడ్ మొత్తం తీసేసిన ఒక బాలిక ఉంది. ఆపరేషన్‌కు ముందు ఆ అమ్మాయీ చెల్లెలూ ఒకే పోలిక. కొన్నేళ్లకు చెల్లెలు ఏపుగా ఎదిగింది. అక్క ఎదుగుదల మాత్రం ఆగిపోయింది, ముఖం ఉబ్బింది, మాట, నడక, బుద్ధి అన్నీ మందగించాయి. కబురు విన్న కోచర్ తన పాత రోగులను మళ్లీ పిలిపించారు. గ్రంథి పూర్తిగా తీసేసినవారిలో 18 మందిని పరీక్షిస్తే 16 మంది పరిస్థితి ఇదే. ఇకపై గ్రంథిని మొత్తంగా తీసేది లేదని ఆయన నిర్ణయించుకున్నారు. ఒంట్లో థైరాయిడ్ చేసే పనేమిటో వైద్యానికి తెలిసిరావడంలో ఈ కథ పాత్ర పెద్దది. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఇలాంటి రోగిని తేరుకునేలా చేశారు. మన ఇళ్లలో పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న మాత్ర ఆ దారిలో వచ్చిందే.

ఇందులో ఇంకో ముడి ఉంది. అదే కాలంలో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ కూడా థైరాయిడ్‌లు తీసేవారు. ఆయన రోగుల్లో ఈ మందకొడితనం అంతగా కనిపించలేదు కానీ, చేతులు కొంకర్లు పోయి విలవిల్లాడిన వాళ్లున్నారు. కోచర్ రోగుల్లో అది అరుదు. ఇద్దరి ఆపరేషన్లూ చూసిన అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ తర్వాతెప్పుడో దీనికి కారణం చెప్పారు. కోచర్ రక్తం చిందకుండా, శుభ్రంగా, గ్రంథిని పూర్తిగా తీసేవారు, చుట్టుపక్కల దేన్నీ చెడగొట్టేవారు కాదు. బిల్‌రోత్ చెయ్యి వేగం. థైరాయిడ్ ముక్కలు కొన్ని లోపల మిగిలేవి, దాని వెనక ఉన్నవేవో పోయేవి.

ఆ పోయినవి పారాథైరాయిడ్ గ్రంథులు. సాధారణంగా నాలుగు ఉంటాయి. ఒక్కొక్కటీ కందిబద్దంత, చూడటానికి పక్కనున్న కొవ్వు ముక్కకూ దీనికీ పెద్ద తేడా ఉండదు. రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టేవి ఇవే. థైరాయిడ్ ఆపరేషన్ మర్నాడు ‘పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందా, వేళ్లు జివ్వుమంటున్నాయా’ అని నర్సు పదేపదే అడిగేది ఇందుకే. మనిషి ఒంట్లో వీటిని 1880లో ప్రకటించినవాడు స్వీడన్‌కు చెందిన ఐవార్ సాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి. అంతకు చాలా ముందే లండన్ జూలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగంలో రిచర్డ్ ఓవెన్ వీటిని చూశారు. కాకపోతే అవేమిటో ఆయనకూ అంతుపట్టలేదు.

వదలాల్సిన రెండోది గొంతు నరం. ఎడమ వైపున ఇది తిన్నగా స్వరపేటికకు పోదు. ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద నుంచి మలుపు తిరిగి, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య సందులోంచి మళ్లీ పైకెక్కి, థైరాయిడ్ వెనకగా గొంతు చేరుతుంది. మందం రెండు మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. ఒక వైపు దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, రెండు వైపులా అయితే ఊపిరికే గండం. దీన్ని వెతకడానికి పోతేనే తగిలే ప్రమాదమని, అటు వెళ్లకపోవడమే మేలని ఒక తరం సర్జన్లు నమ్మారు. బోస్టన్‌లో ఫ్రాంక్ లాహే 1938లో దానికి అడ్డం తిరిగారు. నరాన్ని ప్రతిసారీ వెతికి, కళ్లారా చూసి, ఆ తర్వాత చెయ్యి వేస్తేనే గాయాలు తగ్గుతాయన్నారు. ఇప్పుడు అందరిదీ ఆ దారే. గ్రంథి పై కొసన రక్తనాళాలను గ్రంథికి ఆనించి కడతారు. తర్వాత దాన్ని మెల్లగా మధ్యకు ఒరిగించి, ఆ సందులో తెల్లని దారం కనబడేదాకా ఆగుతారు. శ్వాసగొట్టానికి ఎలక్ట్రోడ్లు అమర్చి, నరం పలుకుతోందో లేదో యంత్రంలో వింటారు కూడా. యంత్రం మంచిదే. అయితే కంటికి కనిపించని నరాన్ని అది కాపాడలేదు.

మెడ మీద గీత పడకూడదన్న కోరిక వేరే కథ. బ్యాంకాక్‌కు చెందిన సర్జన్ అంగ్‌కూన్ అనువాంగ్ 2016లో 60 మంది రోగుల అనుభవాన్ని ప్రచురించాక, నోటి లోపలి నుంచి థైరాయిడ్ తీసే పద్ధతి చాలా దేశాలకు పాకింది. కింది పెదవి లోపల మూడు చిన్న గాట్లు పెడతారు. గడ్డం ఎముక మీదుగా చర్మం కింద దారి చేసి, తక్కువ ఒత్తిడితో గాలి నింపి, కెమెరా దింపుతారు. బయటికి ఒక్క మచ్చా కనిపించదు. పెళ్లి కావాల్సిన ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. కానీ పెద్ద గడ్డలకూ, పాకిన క్యాన్సర్లకూ ఇది పనికిరాదు. పైగా గడ్డం దగ్గర స్పర్శ ఇచ్చే మరో నరం దారిలో ఉంటుంది. మచ్చ లేకపోవడం రోగికి దక్కే కొసరు మాత్రమే. సర్జన్‌ని ఎంచుకోవడానికి దాన్నే కొలతగా పెట్టుకోకూడదు.

అసలు కత్తి దాకా రాకుండా చూసినవారి పేరు మన పక్కనే ఉంది. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాచల్ ప్రాంతంలోని కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పును కొన్ని మండలాలకూ, కలపని ఉప్పును మరో మండలానికీ పంపించే అధ్యయనం మొదలుపెట్టించారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న పిల్లల్లో గళగండం బాగా తగ్గింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. సర్జన్ల పని ఇంత తగ్గించిన ఆపరేషన్ ఇంకోటి లేదనుకుంటాను.

దీనికి పూర్తి విరుద్ధమైనది దక్షిణ కొరియాలో జరిగింది. అక్కడ ఆరోగ్య పరీక్షల్లో భాగంగా మెడకు స్కానింగ్ తీయడం వాడుకైపోయాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంటే ఏ హానీ చేయకుండా ఉండిపోయేవి కూడా కత్తికి ఎక్కాయన్నమాట. జపాన్‌లోని కోబెలో కుమా ఆసుపత్రి వైద్యులు 1993 నుంచే, సెంటీమీటరు లోపు తక్కువ ప్రమాదపు క్యాన్సర్లను కోయకుండా ఏటా స్కాన్ చేస్తూ కనిపెట్టుకుని ఉండడం మొదలుపెట్టారు. పెద్దగా పెరిగినవి కొన్నే. ‘క్యాన్సర్ అని చెప్పి, ఊరికే చూద్దాం అంటారేమిటి డాక్టరు గారూ’ అని మనవాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. ఆ జవాబు ఓపిగ్గా చెప్పడం ఆపరేషన్ కంటే కష్టం.

పొట్ట వైపు వస్తే, లోపలికి చూసే గొట్టం కథ గొంతు నుంచే మొదలవుతుంది. 1868లో జర్మనీలో అడోల్ఫ్ కుస్‌మాల్ తిన్నని లోహపు గొట్టాన్ని పరీక్షించడానికి కత్తులు మింగే గారడీవాడిని వెతికి పట్టుకున్నారు. మెడను వంచి తిన్నగా పెట్టడం అతనికే వచ్చు కదా. ఇప్పుడున్న వంగే ఎండోస్కోపు, 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ గాజు తంతువులతో చేసి తన గొంతులోనే వేసుకుని చూసిన పరికరానికి మనవడు.

అన్నవాహిక కింది కండరం సడలకపోయే జబ్బును అకలేజియా అంటారు. ముద్ద మింగితే ఛాతీలోనే నిలిచిపోతుంది, నీళ్లు కూడా దిగవు. 1913లో ఎర్న్‌స్ట్ హెల్లర్ పొట్ట తెరిచి ఆ కండరాన్ని చీల్చారు. 2008లో జపాన్‌కు చెందిన హరుహిరో ఇనోవే అదే పని నోటి నుంచి చేశారు. ముందు అన్నవాహిక లోపలి పొర కిందికి నీలం రంగు కలిపిన ద్రవం ఎక్కిస్తారు. పొర ఉబ్బి కండరం నుంచి విడిపోతుంది. చిన్న గాటు పెట్టి ఎండోస్కోపు ఆ రెండింటి మధ్యలోకి దూరి, సొరంగం తవ్వుకుంటూ జీర్ణాశయం దాకా పోతుంది. సొరంగం పూర్తయ్యాక కండరాన్ని తెంపుతుంది, చివర గాటుకు క్లిప్పులు వేస్తారు. గాటు ఒక చోట, కండరం తెగేది మరో చోట, మధ్యలో చెక్కుచెదరని పొర మూతలా ఉంటుంది. మొత్తం తెలివి అక్కడుంది. హైదరాబాద్‌లో జి.వి. రావు, డి. నాగేశ్వర్ రెడ్డి 2000 తర్వాతి తొలి ఏళ్లలో నోటి నుంచి వెళ్లి జీర్ణాశయానికి రంధ్రం పెట్టి, అపెండిక్స్‌ను బయటికి తీసి ప్రపంచాన్ని నివ్వెరపరిచారు. ఆ పద్ధతి నిత్యవాడుకలోకి రాలేదు. ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయాన్ని చిల్లుపెట్టడం, మళ్లీ దాన్ని నమ్మకంగా మూయడం చిన్న సంగతులు కావు. కానీ సొరంగం పద్ధతులకు ధైర్యం వచ్చింది ఆ ఊపులోనే. ఇనోవే పద్ధతికీ ఒక ఖరీదుంది. తలుపు తెరిచేశాక ఆమ్లం పైకి ఎగదన్నుతుంది, చాలామందికి ఆ తర్వాత గ్యాస్ మాత్రలు తప్పవు.

ఇక మన ఊళ్లలో రోజూ జరిగేది గాల్‌బ్లాడర్ అనే పైత్యరస తిత్తి ఆపరేషన్. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె దాన్ని మొదటిసారి చిన్న గాట్లలోంచి గొట్టం దించి చేస్తే తోటివాళ్లు వెక్కిరించారు. 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో టెహెంటన్ ఉద్వాడియా మన దేశంలో మొదలుపెట్టారు. గాట్లు చిన్నవయ్యాయి గానీ, ఆ తొలి ఏళ్లలో అన్నిచోట్లా ఒక కొత్త ప్రమాదం పెరిగింది. తిత్తి నుంచి వచ్చే సన్నని నాళాన్ని కోయబోయి, కాలేయం నుంచి పేగుకు పోయే ప్రధాన పైత్యరస నాళాన్నే కోసేయడం. అది తెగితే మళ్లీ పెద్ద ఆపరేషన్, ఏళ్ల తరబడి కామెర్ల భయం. 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ దీనికి ఒక నియమం పెట్టారు. తిత్తి, నాళం, కాలేయం కలిసే చోట కొవ్వంతా శుభ్రం చేయాలి. తిత్తి కింది భాగం కాలేయం నుంచి విడివడాలి. తిత్తిలోకి పోయేవి రెండే రెండని, అటూ ఇటూ నుంచి చూసినా తేలాలి. అది కనబడేదాకా క్లిప్పు వేయకూడదు.

వాపు, చీముతో అంతా అతుక్కుపోయి ఆ దృశ్యం ఎంతకీ కనబడని రోజులుంటాయి. అప్పుడు పొట్ట తెరవడం ఒక దారి. తిత్తి పై భాగం కోసి రాళ్లు తీసేసి, నాళానికి అంటుకున్న అడుగు భాగాన్ని అలాగే వదిలేసి, డ్రైన్ పెట్టి బయటపడటం మరో దారి. ‘సగమే తీశారట’ అని బంధువులు గొణుగుతారు. మిగిలిన ముక్కలో అరుదుగా మళ్లీ రాయి చేరుతుంది కూడా. అందుకే ఏం తీశారో, ఏం వదిలారో డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా రాయించుకుని, ఆ కాగితాన్ని పారేయకుండా దాచుకోవాలి. పదేళ్ల తర్వాత కడుపునొప్పితో వెళ్లినప్పుడు కొత్త డాక్టరు మొదట అడిగేది అదే.