బూట్ డైరెక్టరీ సొగసు

సూరత్ వరాఛా మినీ బజార్‌లో దలాళ్లు స్కూటర్ సీటు మీదే పడికు పొట్లం విప్పి, రాళ్లను వెలుతురుకు తిప్పి చూస్తుంటారు. ఆ రద్దీకి రెండంతస్తుల పైన, ఒక వజ్రాల కార్ఖానా లెక్కల గదిలో, డెబియన్ సర్వర్ ముందు కూర్చుని నేను మురిసిపోయేది బూట్ డైరెక్టరీని చూసి. దాన్ని అందం కోసం ఎవరూ తెరవరు. డిస్కు నిండిందని మెషిన్ మొరపెట్టుకుంటేనే తెరుస్తారు. నన్నడిగితే లైనక్స్‌లో ఇంతకన్నా రసవత్తరమైన చోటు లేదు.

కనబడేవి కొద్ది పేర్లే. పది మెగాబైట్లకు అటూఇటూగా ఉండే కెర్నల్, దానికి తోడుగా అంతకన్నా బరువైన ఇనిట్‌ఆర్‌డీ, ఒక కాన్ఫిగ్ ఫైలు. ప్రతి పేరు చివరా వెర్షన్ సంఖ్య. అసలు బలగం ఇక్కడ లేదు, లిబ్ మాడ్యూల్స్‌లో వందల మెగాబైట్ల డ్రైవర్లుగా ఉంది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు పాతదాన్ని చెరిపి ఆ చోట కూర్చోదు, పక్కన నిలబడుతుంది. తాను లేవలేకపోతే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకునే వీలు మనకు వదిలిపెడుతుంది. బూట్ నిండేది ఈ మర్యాద వల్లే! కింద వీధిలో సానపట్టిన రాయి సగానికి పైగా బరువు పోగొట్టుకుంటుంది, పోయింది మళ్లీ రాదు. ఇక్కడ కోతకు ముందే వెనక్కి దారి వేసి ఉంచారు.

ఆప్ట్ ఆటోరిమూవ్ కూడా ఆ దారిని మూసేయదు. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌ను, అన్నిటికన్నా కొత్తదాన్ని, మామూలుగా దాని ముందుదాన్ని ముట్టుకోకుండా మిగతావి ఊడ్చేస్తుంది. ఫెడోరా మూడింటితో సరిపెడుతుంది. ఫ్రీబీఎస్‌డీ మరీ పొదుపరి: కొత్తది కెర్నల్, పాతది కెర్నల్ డాట్ ఓల్డ్, అంతే. నా మనసు ఆ పొదుపు వైపే మొగ్గుతుంది.

చెరపడంలోనూ యూనిక్స్‌కు ఒక నాగరికత ఉంది. లింబాయత్‌లో కార్పొరేషన్ తెలుగు బడిలో చదువుకున్న కుర్రాడొకడు మా దగ్గర పనిచేస్తాడు. ఒకరోజు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, పెద్ద లాగ్ ఫైలు తీసేసిన. డీయూ పన్నెండు జీబీ అంటోంది, డీఎఫ్ నలభై అంటోంది. ఏది నిజం?"

"రెండూ నిజమేరా."

ఎల్‌సాఫ్ కొట్టి చూపించాను. పేరు పోయింది, పక్కన డిలీటెడ్ అని ముద్ర పడింది, అయినా ఒక ప్రోగ్రాం ఆ ఫైలును ఇంకా తెరిచే ఉంచుకుంది. డీయూ పేర్ల వెంట తిరిగి లెక్కేస్తుంది కాబట్టి దానికి కనబడదు. డీఎఫ్ బ్లాకుల లెక్క అడుగుతుంది కాబట్టి దానికి తెలుసు. పేరు డైరెక్టరీలో, సరుకు ఐనోడ్ దగ్గర. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల బెల్ ల్యాబ్స్ తరం పెట్టిన ఏర్పాటిది. చివరి పేరు చెరిగి, వాడుతున్న చివరి చెయ్యి వదిలితే తప్ప చోటు ఖాళీ కాదు. ఆ ప్రోగ్రాంను రీస్టార్ట్ చేయగానే డీఎఫ్ దిగొచ్చింది. వాడి మొహంలో కనబడింది అద్భుత రసం కాక మరేమిటి?

కెర్నల్ విషయంలో ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. నడుస్తున్న కెర్నల్ తన ఫైలును తెరిచి పెట్టుకోదు, అదంతా ఎప్పుడో మెమరీలోకి చేరిపోయింది. ఫైలును తీసేసినా మెషిన్ నిక్షేపంగా నడుస్తుంది. మాడ్యూళ్లు కూడా పోయాయనుకోండి, అప్పటికీ చెక్కుచెదరదు. ఎవరో వచ్చి కొత్త పరికరమేదో తగిలిస్తారు, దానికి కావలసిన డ్రైవర్ డిస్కు మీద ఉండదు. అంతవరకూ గుట్టు బయటపడదు.

అందుకే బూట్‌లోకి దూరి ఆర్‌ఎమ్‌తో ఫైళ్లు నరికేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది ఔచిత్య భంగం. ఫైలు పోయినా డీపీకేజీ లెక్కలో ప్యాకేజీ అలాగే ఉంటుంది, గ్రబ్ మెనూ లేని కెర్నల్‌ను చూపిస్తూనే ఉంటుంది. యూనేమ్ కొట్టి నడుస్తున్నదేదో చూసుకుని, పాత ప్యాకేజీని పేరుపెట్టి ఆప్ట్ పర్జ్ చేస్తే కెర్నలూ, ఇనిట్‌ఆర్‌డీ, మాడ్యూళ్లూ, మెనూలో వరసా కలిసే వెళ్లిపోతాయి.