కాపు కాసేవాడి కెరటం

పెద్ద కెరటాల సర్ఫింగ్ వార్త వస్తే అందరం ముందు అడుగులు లెక్కపెడతాం. పోర్చుగల్‌లోని నజరే దగ్గర 2020లో సెబాస్టియన్ స్టూట్నర్ ఎక్కిన కెరటం 86 అడుగులు. గొప్ప సంగతే, కాదనను. కానీ నా మనసు ఎప్పుడూ హవాయిలోని వైమియా బే వైపే పోతుంది. అక్కడ ఈ విద్యకు పెద్దదిక్కు ఒక లైఫ్‌గార్డ్.

ఆయన పేరు ఎడ్డీ ఐకౌ. 1968 నుంచి ఒవాహు ద్వీపం ఉత్తర తీరంలో కాపలా ఉన్నాడు. మిగతావాళ్ళు ఒడ్డెక్కేసే రోజున ఆయన బోర్డు పట్టుకుని నీళ్ళలోకి దిగేవాడు. ఒక్కోసారి కెరటం కోసం, ఒక్కోసారి కొట్టుకుపోతున్న మనిషి కోసం. 1978లో హొకులేయా అనే తెరచాప పడవ రాత్రివేళ తిరగబడితే, సాయం తెస్తానని బోర్డు మీదే లానై ద్వీపం వైపు బయల్దేరాడు. పడవవాళ్ళు బతికారు. ఆయన మళ్ళీ కనపడలేదు. అప్పటికి వయసు 31.

ఆయన పేరున వైమియాలో పోటీ పెడతారు. కెరటం ముఖం 40 అడుగులు లేస్తేనే జరుపుతారు, లేకపోతే ఆ ఏడాదికి లేనట్టే. 2009 తర్వాత 2016లో, ఆ తర్వాత మళ్ళీ 2023లో జరిగింది.

అంత కెరటాన్ని లేపేది తుఫానే. కానీ తుఫాను సముద్రమంటే మనకు తెలిసింది వేరు. బంగాళాఖాతంలో తుఫాను తీరానికి దగ్గరపడితే గాలి కెరటాన్ని కుదురుగా లేవనివ్వదు, ఎక్కడికక్కడ విరిచేస్తుంది. సర్ఫర్‌కు కావలసింది దూరపు తుఫాను. చలికాలంలో ఉత్తర పసిఫిక్‌లో రేగిన గాలి నీటిని తోస్తే, ఆ కదలిక వేల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దారిలో చిన్న అలలు అణిగిపోయి, పొడవైనవే మిగులుతాయి. ఒకదానికీ ఇంకోదానికీ పదిహేను, ఇరవై సెకన్ల ఎడం ఉంటుంది. లోతు తగ్గేచోట కెరటం కింది భాగం నెమ్మదిస్తుంది, పైభాగం ముందుకు విరుచుకుపడుతుంది. అవి గుంపులుగా వస్తాయి, మధ్యలో కాసేపు తెరిపి ఇస్తాయి. లోపలికి వెళ్ళాలన్నా, పడ్డవాణ్ణి తీసుకురావాలన్నా ఆ తెరిపిలోనే. పడ్డవాడు పైకి తేలేలోగా రెండో కెరటం మీద పడితే ఎంతటి ఈతగాడికైనా ఊపిరి చాలకపోవచ్చు. అందుకే ఇప్పుడు గాలి నిండే జాకెట్లు వేసుకుంటున్నారు, ఒడ్డున నిత్యం కళ్ళు కాపలా ఉంటున్నాయి.

2023 జనవరిలో ఆ పోటీ గెలిచింది ల్యూక్ షెపర్డ్‌సన్. ఆ రోజు ఆయన అదే బీచ్‌లో లైఫ్‌గార్డ్ డ్యూటీలో ఉన్నాడు. మధ్యలో అనుమతి తీసుకుని వెళ్ళి కెరటాలెక్కి, తిరిగొచ్చి కాపలాకు కూర్చున్నాడు. ప్రపంచంలో పేరున్న సర్ఫర్లెందరో వచ్చిన పోటీ అది. దీన్ని అదృష్టమంటే నేను ఒప్పుకోను. నీళ్ళు ఏ వైపు లాగుతున్నాయో, తెరిపి ఎప్పుడొస్తుందో రోజూ ఇతరుల ప్రాణాల కోసం చూసే కన్ను అది. ఆ చూపే ఈ విద్యలో సగం, బోర్డు మీద నిలబడటం తర్వాతి సంగతి.

మన తీరంలోనూ అలా చూసేవాళ్ళున్నారు. విశాఖ ఆర్.కె. బీచ్‌లో మోకాలి లోతు నీళ్ళలో ఫొటో దిగుతున్నప్పుడు వెనక నుంచి లైఫ్‌గార్డ్ ఈల వినిపిస్తే విసుక్కోకండి. వచ్చిన నీరు ఏ పాయగా వెనక్కి లాగుతోందో మీకు కనపడదు, ఆయనకు కనపడుతుంది. పిల్లల చెయ్యి పట్టుకుని వెంటనే ఒడ్డుకు వచ్చేయండి.