పళ్ళు లెక్కపెట్టొచ్చు, చుట్లు లెక్కపెట్టలేం

ఫైనల్ రేసు ముగిసినంత మాత్రాన గెలిచిన కారును చంకలో పెట్టుకుని వెళ్ళిపోవడానికి వీల్లేదు. ట్రాక్ పక్కన ఒక బల్ల ఉంటుంది. ముందు వరసలో వచ్చిన కార్లన్నీ తిన్నగా దాని మీదికి చేరాలి. దారిలో ఎవరూ స్క్రూడ్రైవర్ తీయకూడదు, బ్యాటరీ మార్చకూడదు. బల్ల మీద ఒక త్రాసు, వోల్ట్ మీటరు, డిజిటల్ కాలిపర్, నాలుగైదు ఉక్కు గేజీలు, మిల్లీ ఓమ్ మీటరు. వాటి వెనక కూర్చున్న మనిషికి చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండరు. ఆయన తల ఊపేదాకా మాత్రం ఫలితాల కాగితం మీద సంతకం పడదు.

రేడియో కంట్రోల్ కార్ల పందేలను బొమ్మలాట అనుకునేవారు ఈ బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. అమెరికాలో ఈ క్రీడకు నియమావళి రాసే ‘రోర్’ సంస్థ 1967లోనే పుట్టింది. పదో వంతు సైజు ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ కార్లకు ప్రపంచ పోటీలు 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో మొదలయ్యాయి. ఈ పందేల్లో పోటీదారులు రెండు పాయలు. ‘మోడిఫైడ్’ తరగతిలో మోటారు ఎంత పదునుగా ఉన్నా అడిగేవారు తక్కువ. ‘స్టాక్’ తరగతి అలా కాదు. అక్కడ అందరి మోటారూ ఒకే స్థాయిలో ఉండాలి, తేడా అంతా నడిపే చేతిలో, కారును సిద్ధం చేసే తీరులో కనిపించాలి. మాట సులువుగానే ఉంది. అందరివీ ఒకే స్థాయి మోటార్లని రుజువు చేయడమే కష్టం.

మోటారు స్వభావాన్ని నిర్ణయించేది ముఖ్యంగా రాగి తీగ చుట్లు. మన ఊళ్ళలో బోరు మోటారు కాలిపోతే రివైండింగ్ షాపు మెకానిక్ పాత తీగ మందం కొలిచి, చుట్లు లెక్కపెట్టి, అన్నే మళ్ళీ చుడతాడు. ఒకటి తగ్గినా, తీగ మారినా మోటారు గుణం మారుతుందని అతనికి తెలుసు. ఇక్కడా అదే శాస్త్రం. చుట్లు తగ్గితే వేగం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. చుట్లు అన్నే ఉంచి తీగ లావు చేస్తే నిరోధం తగ్గి, అదే బ్యాటరీ నుంచి ఎక్కువ శక్తి వస్తుంది.

కార్బన్ బ్రష్‌ల కాలంలో స్టాక్ మోటారంటే 27 చుట్లు, 24 డిగ్రీల దగ్గర కదలకుండా బిగించిన టైమింగ్. టైమింగ్ అంటే తిరిగే భాగం సరైన చోటికి చేరేలోపే తీగలోకి కరెంటు పంపడం. ఆ కోణం పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది. అందుకే కొందరు మోటారు పై డబ్బా రేకును సన్నగా మెలిపెట్టి ఒకటి రెండు డిగ్రీలు దొంగిలించేవారు. ఆ దొంగతనాన్ని జిగ్ అనే కొలత చట్రంలో పెట్టి పట్టుకోవచ్చు. చుట్ల సంగతి అలా తేలదు. 27 ఉన్నాయా, 26 ఉన్నాయా అని కళ్ళారా చూడాలంటే తీగ విప్పాలి. విప్పితే తీగ చుట్టిన ఆ తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, పని అయిపోయినట్టే. గెలిచినవాడు నిజాయతీపరుడని నిరూపించడానికి అతని మోటారును చంపాలన్నమాట.

ఇవి కాక నియమాలకు లోబడే సాగే ముస్తాబు ఒకటుండేది. చిన్న లేత్ మీద వజ్రపు మొన పనిముట్టుతో, బ్రష్‌లు రాసుకునే కమ్యుటేటర్‌ను పలచగా చెక్కడం, స్ప్రింగులు మార్చడం, బ్రష్‌లు జత చూసుకోవడం. ఓపికా లేతూ ఉన్నవాడు ముందుండేవాడు. స్టాక్ తరగతి అనేది కొత్తవాళ్ళ కోసమని చెప్పుకునేవారి మాట అక్కడే కాస్త తేలిపోయేది.

2000 దశకంలో బ్రష్‌లెస్ మోటార్లు వచ్చి లేత్‌లను అటకెక్కించాయి. ఇప్పుడు స్టాక్‌లో ఎక్కువగా వినిపించే అంకెలు 13.5, 17.5, 21.5. ఆ అర చుట్టు ఎందుకంటే, తీగ ఒక కొస నుంచి లోపలికి వెళ్ళి రెండో కొస నుంచి బయటికొస్తుంది. ఇలా చుట్టిన మూడు కాయిల్స్ కదలని భాగమైన స్టేటర్‌లో కూర్చుంటాయి, మధ్యలో అయస్కాంత రోటర్ తిరుగుతుంది. అది ఎక్కడుందో మూడు హాల్ సెన్సర్లు మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్‌కు చెబుతుంటాయి.

తనిఖీదారుకు ఇందులో ఒక వరం దొరికింది: మోటారును చంపకుండా విప్పొచ్చు. మరలు తీసి రోటర్ బయటికి లాగి, దాని వ్యాసం కాలిపర్‌తో కొలుస్తారు. ఇరుసు 3.17 మిల్లీమీటర్లుండాలి. స్టేటర్ రంధ్రంలోకి ఉక్కు గేజీ దూరుస్తారు. చుట్లను మాత్రం ఇప్పటికీ నేరుగా లెక్కపెట్టరు, నిరోధం ద్వారా పసిగడతారు. మోటారు నుంచి బయటికొచ్చే మూడు కొనల్లో ప్రతి జత మధ్యా కొలిచిన అంకె నియమావళిలోని కనిష్ఠం కంటే తగ్గకూడదు, మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి.

ఈ కొలతలో బుర్ర పెట్టాల్సిన చోట్లు రెండున్నాయి. మోటారు నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతుల్లో ఉంటుంది. మామూలు మల్టీమీటరు తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ కాబట్టి అది పనికిరాదు. కరెంటు పంపడానికి రెండు తీగలు, వోల్టేజి చూడడానికి వేరే రెండు తీగలు ఉన్న మీటరు కావాలి. రెండోది వేడి. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. రేసు దిగగానే 65 డిగ్రీల దగ్గరున్న మోటారు, 25 డిగ్రీల దగ్గరకంటే 15 శాతం ఎక్కువ నిరోధం చూపిస్తుంది. అంటే లావు తీగతో దొంగగా చుట్టిన మోటారు వేడి మీద దొరలా పాసైపోతుంది. అందుకే తెలిసిన తనిఖీదారు ఫ్యాన్ పెట్టి చల్లారనిస్తాడు, లేదా ఉష్ణోగ్రత చూసి లెక్క సరిచేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బహుమతి ప్రదానానికి తొందరపెడుతున్నా ఆగే ఆ పావుగంటే ఈ విద్యలో అసలు నేర్పు.

ఇంతలో మోసం మోటారు వదిలి కంట్రోలర్‌లోకి దూరింది. నిజానికి మొదట్లో అది మోసం కూడా కాదు, అనుమతి ఉన్న తెలివి. 2010 ప్రాంతంలో కంట్రోలర్లు వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ను సాఫ్ట్‌వేర్‌తో పెంచడం మొదలుపెట్టాయి. 17.5 చుట్ల మోటారు అంతకంటే చాలా తక్కువ చుట్ల మోటారులా పరుగెత్తింది. మోటారు విప్పి చూస్తే అంతా సక్రమమే! దీనికి నియమకర్తలు వెతికిన మందు ముచ్చటైనది. సాఫ్ట్‌వేర్ టైమింగ్ సున్నా అయినప్పుడు కంట్రోలర్ మీది చిన్న దీపం మిణుకుమిణుకుమనాలి. గ్రిడ్ మీద వంగి చూస్తే చాలు, ఏ పరికరమూ అక్కర్లేదు. ఆ తరగతికి ‘బ్లింకీ’ అన్న పేరు అలాగే స్థిరపడింది. దీపం కూడా అబద్ధం చెప్పొచ్చు కదా అనే అనుమానం ఉండనే ఉంది. అందుకే బ్రిటన్‌లోని బీఆర్‌సీఏ వంటి సంస్థలు ఆమోదించిన కంట్రోలర్ల జాబితాలు ప్రకటిస్తాయి.

గేర్ల దగ్గరికొస్తే తనిఖీదారు ప్రాణం కుదుటపడుతుంది. పళ్ళు కళ్ళకు కనిపిస్తాయి. మోటారు ఇరుసు మీది చిన్న పళ్ళచక్రం పినియన్, అది తిప్పే పెద్దది స్పర్. స్పర్‌కు 96 పళ్ళు, పినియన్‌కు 48 ఉంటే నిష్పత్తి 2. కారు లోపలి బెల్టుల నిష్పత్తి 1.9 అయితే మొత్తం 3.8. చక్రం ఒకసారి తిరగడానికి మోటారు 3.8 సార్లు తిరగాలి. పోటీ నియమం 3.8 కంటే దిగకూడదని చెబితే, 50 పళ్ళ పినియన్ పెట్టినవాడు 3.65కు దిగి దొరికిపోతాడు. రెండు పళ్ళే కదా అనిపిస్తుంది, కానీ పొడవాటి దారిలో అది నాలుగు శాతం వేగం. అనుమానమొస్తే చక్రాలు రెండూ కలిపి ఒక చుట్టు తిప్పి స్పర్ ఎంత తిరిగిందో చూస్తారు.

పన్నెండో వంతు కార్లకు వాడే ఫోమ్ టైర్లు ఈ లెక్కకు ఇంకో మెలిక పెడతాయి. అవి అరుగుతాయి. 42 మిల్లీమీటర్ల టైరు, 76 పళ్ళ స్పర్, 50 పళ్ళ పినియన్ అయితే మోటారు ఒక చుట్టుకు కారు దాదాపు 86.8 మిల్లీమీటర్లు సాగుతుంది. టైరు 41కి అరిగితే అది 84.7కు పడిపోతుంది. అందుకే ఇక్కడి రేసర్లు నిష్పత్తి మాట పక్కనపెట్టి మిల్లీమీటర్లలో మాట్లాడుకుంటారు, రేసు రేసుకూ టైరు కొలుస్తారు.

గేరుకు హద్దు గీయడం మంచిదేనా? చాలామంది పాతకాపులు ఒప్పుకోరు. బ్లింకీలో కూడా మోటారు వెనక మూతను తిప్పి టైమింగ్ మార్చుకోవచ్చు. టైమింగ్ పెంచితే పినియన్ చిన్నది చేయాలి, తగ్గిస్తే పెద్దది పెట్టొచ్చు. అతి చేస్తే మోటారు మాడుతుంది, నియోడిమియం అయస్కాంతం వేడికి బలం కోల్పోతుంది. రేసు దిగగానే ఉష్ణమాపక తుపాకి పెట్టి చూసి ఒక పన్ను అటూ ఇటూ మార్చే ఆ వివేకమే స్టాక్ రేసింగ్‌లో సగం విద్య అని వారి వాదన. అందులో న్యాయముంది. కానీ కొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటి నెలలోనే రెండు మోటార్లు కాల్చుకుంటే మూడో నెలకు ట్రాక్‌కు రాడు. టామియా సంస్థ తన సొంత పోటీల్లో మోటారుతోపాటు పినియన్‌కు కూడా తరగతిని బట్టి హద్దులు పెట్టింది. అమెరికాలో పాతకాలపు కార్ల ఆకారాలతో నడిచే వింటేజ్ ట్రాన్స్-ఆమ్ తరగతి 25.5 చుట్ల నెమ్మది మోటారును ఎంచుకుంది. మోటారే నెమ్మదిదైతే దాన్ని పిండి తీసే లాభం తక్కువ, తనిఖీ భారమూ తక్కువ.

క్లబ్ స్థాయిలో బల్ల వెనక కూర్చునేది జీతం తీసుకునే అధికారి కాదు. తరచూ ఆయనా పోటీదారే. ఉదయం అందరి బ్యాటరీలూ 8.4 వోల్టులు దాటలేదని చూసి, తన వంతు రాగానే ట్రాన్స్‌మిటర్ అందుకుని డ్రైవర్ల మెట్టెక్కుతాడు. ఆయన కారు గెలిస్తే కాలిపర్ పట్టుకునేది ఇంకొకరు, చాలాసార్లు రెండో స్థానంలో వచ్చినవాడే.