మాట మార్చిందెవరు?

భద్రాచలం అడవి అంచున మా మాలగూడేనికి, కోయగూడేనికి నడుమ ఒక్క వాగే అడ్డం. ఇవతల తెలుగు, అవతల కోయ అని చదువుకున్నోళ్లు అనుకుంటరు. మాకట్ల లేదు. మా అయ్య అవతలికి కూలికి పోతే కోయలోనే మాట్లాడేది. కోయలో ఏరంటే నీళ్లు, తెలుగులో ఏరంటే పారే నీళ్లు. చిన్నప్పుడు నాకీ రెండూ ఒక్క మాటే.

సంతలో ఇప్పపువ్వు, చింతపండు కొనే సావుకారికి కోయ రాదు. రావాల్సిన అవసరమూ లేదు. మా అయ్యను పక్కన కూచోబెట్టుకునేది. సావుకారి చెప్పిన తూకం, ధర మా అయ్య కోయలో చెప్పాలె. సాయంత్రం చేతిలో నాలుగు రూపాయలు పడేయి. ఒకనాడు ఒక కోయ ముసలమ్మ చింతపండు గంప దించింది. తూకం తక్కువ చెప్పిండ్రు. ఆమె మా అయ్యతో కోయలోనే వాదులాడింది. వాదులాడి వాదులాడి, ఉన్నట్టుండి తెలుగులోకొచ్చింది:

"తమ్ముడా, తూకం నేనూ చూస్తన్న. మాట మార్చినందుకు నీకెంతిస్తండు?"

మా అయ్య తలెత్తలేదు. పక్కనే నేనున్న.

ఆమెకు తెలుగు మొదటినుంచీ వచ్చు. కోయలో మాట్లాడినంతసేపు మా అయ్య ఆమెకు అయినోడు. తెలుగులోకి రావడంతోటే సావుకారి వినాలె, సంతంతా వినాలె, మా అయ్య పరాయోడు కావాలె. ఒక్క వాక్యంతో మూడు పనులు చేసింది. భాష మార్చడం రానోళ్లు చేసే పని కాదు. ఎవరు వినాలో తెలిసినోళ్లు చేసే పని.

మన సాహిత్య విమర్శకు ఈ సంగతి తెలవదా? తెలుసు. 1892లో ఆడిన కన్యాశుల్కంలో గిరీశం తెలుగులో ఇంగ్లీషు కలిపితే అది పాత్రపోషణ, హాస్యం. దానిమీద ఎన్ని వ్యాసాలో! ఇంగ్లీషు రాని ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడి గిరీశం పెద్దమనిషి అయితడు. అంటే ఎదుటోళ్లకు అర్థం కాకూడదని భాష మారుస్తడు. మా ముసలమ్మ అందరికీ అర్థం కావాలని మార్చింది. అయినా అడవి కథలు రాసేటోళ్లకు ఆమె దగ్గర ఈ తెలివి కనపడదు. వాళ్ల కథల్లో కోయమనిషి మొదటినుంచి చివరిదాకా వచ్చీరాని తెలుగే మాట్లాడతడు. ఆయనకు ఇంకో భాష ఉందని, అందులో కోపం, ఎకసెక్కం, లెక్క అన్నీ ఉన్నయని పాఠకుడికి తెలవనే తెలవదు.

బడిదీ ఇదే దారి. 2000 తర్వాత ప్రభుత్వం తెలుగు లిపిలో కోయ వాచకాలు వేసింది. మంచిదే. పై తరగతులకు పోతే మళ్లీ తెలుగే. వాగు దాటి రావాల్సింది ఎప్పుడూ కోయ పిల్లలే. సావుకారి దాటడు, పంతులు దాటడు.

మరి మనం? 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. మన వాడల మాటను అచ్చులో నిలబెట్టుకున్నం. నిలబెట్టుకోవాల్సిందే. కానీ ఈ అంచున పుట్టిన మా నోట్లో ఇంకో మాట ఉన్నది గద, దాన్నెందుకు దాచినం? నా సంగతే చెప్త. హాస్టల్లో "కోయోడా" అని ఎక్కిరిస్తరని కోయ రానట్టే ఉన్న. మాలోడినన్న అవమానం చాలదా, ఇదొకటెందుకనుకున్న. 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాష అని చెప్పినోళ్లు నాలుగు లక్షల పైచిలుకు. ఆ లెక్కలో మా అయ్య ఉండడు, నేనూ ఉండను. ఆ భాషతో ఆయన కూలి సంపాదించిండు. నేను దాన్ని దాచి పరువు సంపాదించిన. సావుకారిని తిట్టి ఊరుకుంటే ఈ లెక్క తేలదు.

అడవి గురించి రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే చెప్త. మీ కథలో కోయమనిషి తెలుగు మాట్లాడితే, అంతకుముందు ఏ మాటలో ఉన్నదో, ఎవరు వినాలని మారిందో రాయండి. కోయ వాక్యాన్ని కోయలోనే ఉండనీయండి. పాఠకుడు ఒక్కసారన్నా వాగు దాటనీ.

ముసలమ్మ ప్రశ్నకు మా అయ్య బతికినన్నాళ్లు జవాబు చెప్పలేదు. కోయలో చెప్పాల్సిన జవాబది. నేనింకా తెలుగులోనే రాస్తున్న.