పాదాలు లేని నాట్యం

బాలే నాట్యాన్ని వస్తువుగా తీసుకుని మన విద్యార్థులు తీసిన లఘుచిత్రాలు ఈ మధ్య ఏడెనిమిది చూశాను. వారి శ్రద్ధను నేను శంకించడం లేదు. ముఖం మీద వెలుగు చక్కగా పడింది. కణత మీద చెమట మెరిసింది. చేతివేళ్లు గాలిలో తేలాయి. పాదాలు మాత్రం లేవు. వున్నచోట కూడా శాటిన్ చెప్పును ఒక్క క్షణం ముద్దుగా చూపడానికే వున్నాయి. పాదమూ, మోకాలూ, నేలా ఒకే ఫ్రేములో కలిసి కనిపించిన షాట్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అనుభవం లేక జరిగిన లోపమని కొందరు మిత్రులన్నారు. నాకలా తోచదు. ఎవరి శ్రమను చూపాలి, ఎవరి శ్రమను దాచాలి అన్న ప్రశ్నకు తమకు తెలియకుండానే వారిచ్చిన జవాబది.

బాలేలో మొదటినుంచీ ఒక వైరుధ్యం వున్నది. రాజాస్థానాలలో పెరిగిన కళ అది. దేహానికి బరువే లేదన్నట్టు కనిపించడం దాని ఆదర్శం. అలా కనిపించాలంటే చిన్ననాటినుంచి ఏళ్లతరబడి దేహాన్ని అరగదీయాలి. నర్తకిని కాలివేళ్ల కొసమీద నిలబెట్టే ఆ చెప్పు ముందుభాగం చెక్కతో చేస్తారని చాలామంది అనుకుంటారు. సంప్రదాయంగా దాన్ని గుడ్డపొరలూ, కాగితమూ, జిగురూ కలిపి గట్టిపరుస్తారు. నర్తకి దానికి తనే నాడాలు కుట్టుకుంటుంది, వంచి విరిచి తన పాదానికి లొంగదీసుకుంటుంది. పెద్ద ప్రదర్శనలలో ఒక జత ఒక్క రాత్రికే మెత్తబడిపోవచ్చు. ప్రేక్షకుడికి ఇదేదీ తెలియకూడదు. అయినా మొదటి వరుసల్లో కూర్చున్నవారికి చెప్పు నేలను తాకిన చప్పుడు వినిపిస్తూనే వుంటుంది. రంగస్థలం ఆపాటి నిజాన్ని దాచలేకపోయింది. సినిమా దాచగలిగింది. సంగీతాన్ని పైనుంచి అతికిస్తే చప్పుడు పోతుంది. ఫ్రేమును నడుము దగ్గర తెగ్గొడితే పాదం పోతుంది. స్లో మోషన్‌లో చూపితే దేహం నేలమీద పడే బరువు పోతుంది. మనవాళ్లు ఈ మూడూ చేశారు.

2010లో వచ్చిన 'బ్లాక్ స్వాన్' చూసి నేర్చుకున్నారని నా అనుమానం. అందులో నటించిన నటాలీ పోర్ట్‌మన్‌కు 2011లో ఆస్కార్ బహుమానం వచ్చింది. ఆమెకు నాట్యంలో డూప్‌గా పనిచేసినది అమెరికన్ బాలే థియేటర్ నర్తకి శారా లేన్. దేహం మొత్తం కనిపించే షాట్లలో పోర్ట్‌మన్ నర్తించినవి నూటికి ఐదేనని లేన్ అన్నది. దర్శకుడు అరనాఫ్‌స్కీ దానికి ఒప్పుకోక, నాట్యం షాట్లు మొత్తం 139 అనీ, వాటిలో 111 పోర్ట్‌మన్‌వి, 28 లేన్‌వి అనీ లెక్క చెప్పాడు. పత్రికలు ఎవరిది అబద్ధమని తర్కించాయి. నాకు అసలు సంగతి వేరుగా కనిపిస్తుంది. ఇద్దరి లెక్కలూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు. లేన్ పాదం కనిపించే షాట్లను మాత్రమే లెక్కించింది. దర్శకుడు ముఖం, భుజం, చేయి అన్నీ కలిపి లెక్కించాడు. నాట్యాన్ని నడుముపైకి జరిపితే చాలు, నర్తకి వాటా దానంతటదే తగ్గిపోతుంది! పోర్ట్‌మన్ ఏడాదిపాటు కష్టపడి నేర్చుకున్న మాటా నిజమే. కాని కొన్ని షాట్లలో లేన్ దేహానికి పోర్ట్‌మన్ ముఖాన్ని కంప్యూటరుతో అతికించారు. కాలు ఒకరిది, కీర్తి మరొకరిది అయ్యే మార్కెట్టు పద్ధతిని విద్యార్థి ఎందుకు అనుకరించాలి? అతనికి అమ్ముకోవలసిన తార ఎవరూ లేరే!

అలాగయితే కెమెరాను ఒకచోట పాతిపెట్టి, తల నుంచి పాదం దాకా కోయకుండా తీస్తే సరిపోతుందా అని అడుగుతారు. 1930ల నాటి హాలీవుడ్‌లో ఫ్రెడ్ అస్టేర్ దాదాపు అదే పట్టుపట్టాడు, మంచి ఫలితమే సాధించాడు. దాన్ని నేను శాసనంగా చెప్పను. మాయా డెరెన్ 1945లో టాలీ బియటీ అనే నర్తకుడితో తీసిన చిన్న మూగచిత్రం వున్నది. బాలే కాదది, ఆధునిక నాట్యం. అడవిలో ఎత్తిన కాలు ఇంటిగదిలో దిగుతుంది. చివరి గెంతును ఎన్నో ముక్కలు కలిపి కూర్చారు. ఏ మానవదేహమూ గాలిలో నిలవలేనంతసేపు అది సాగుతుంది. అంతగా కోసినా అతని కదలిక తెగలేదు. తెలుగు చెప్పుకునేవాణ్ణి కాబట్టి నాకు యతి గుర్తుకొస్తుంది. సంస్కృతంలో యతి విరామం. అక్కడ పదం విరగాలి. తెలుగులో యతి అక్షరమైత్రి. పదం దాన్ని దాటుకుని పోవచ్చు. పోవచ్చు గాని యతిస్థానం ఎక్కడుందో కవికి తెలిసి వుండాలి. డెరెన్‌కు తెలుసు. మనవాళ్లు తాళం మీద తాళం కోశారు. నాట్యవాక్యం సగంలో వుండగానే కోశారు. ఇది మన సినిమాపాటల నుంచి వచ్చిన అలవాటు. అక్కడ దెబ్బకొక షాటు మారకపోతే పాట నడవలేదనుకుంటారు.

ఇక పనికి సంబంధించిన విషయాలు. వీటిని సాంకేతికమని పక్కకు నెట్టడం మన విమర్శకులకున్న జబ్బు. నేల ఫ్రేములో లేకపోతే గెంతు ఎత్తు తెలియదు. కెమెరాను మనిషి కళ్లకు పైన పెడితే కాళ్లు పొట్టివవుతాయి. నడుము ఎత్తుకు దించితే దేహం తన కొలతలో వుంటుంది. నాట్యశాలలో చెక్కనేల కింద ఖాళీ వుంటుంది, అది కాస్త వంగి దెబ్బను మింగుతుంది. కళాశాల హాల్లో రాతి పలకలమీద ఒకే గెంతును పన్నెండుసార్లు వేయించడం కాలి ఎముక మీద దౌర్జన్యం. దీపాలు సర్దుకునే అరగంటలో నర్తకి కండరాలు చల్లబడతాయి. మళ్లీ వేడెక్కడానికి ఆమెకు వ్యవధి ఇవ్వాలి. "కళకోసం ఓర్చుకోవాలి" అని ఒక విద్యార్థి దర్శకుడు నాతో అన్నాడు. యజమానులు కూడా ఇలాంటి మాటే అంటారని గుర్తుచేశాను. అతను అభ్యుదయవాదే, ఆ మాట అతనికి నచ్చలేదు.

రాజుల కళ మనకెందుకని అడిగేవారు కూడా వున్నారు. వారికి 2019 డిసెంబరు 24న పారిస్‌లో జరిగిన సంగతి చెప్పాలి. పారిస్ ఒపెరా నర్తకుల పింఛను పద్ధతి 14వ లూయీ కాలం నాటిది, 1698లో మొదలైనది. ఆనాటికి వారు 42వ యేట విశ్రాంతి పొందే హక్కు కలిగి వున్నారు. ఆ ఏర్పాటును రద్దుచేయబూనిన ప్రభుత్వ సంస్కరణకు వ్యతిరేకంగా సమ్మెకట్టి, గార్నియే భవనం ముందు, చలిలో, బ్యానర్ల నడుమ 'స్వాన్ లేక్' లోని ఒక భాగాన్ని నర్తించారు. దాన్ని చిత్రించిన వీడియోలు లోకమంతా తిరిగాయి. వాటిలో నేను చూసినవాటిలో వెలుగు చదునుగా వున్నది, కెమెరా పెద్దగా కదలలేదు. కాని హంసలన్నీ పాదాలతో సహా కనిపిస్తాయి, వారి వెనుక వారి కోర్కెలు కనిపిస్తాయి, చుట్టూ నిలబడిన జనం కనిపిస్తారు. నలభైరెండేళ్లకు మోకాలు ఏమవుతుందో ఆ దృశ్యం చూసినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

మా కళాశాలలో ఇప్పుడొక బృందం మళ్లీ ఇలాంటి చిత్రం మొదలుపెట్టింది. నన్ను సలహా అడిగితే రెండు కోరాను. ప్లేబ్యాక్ వినిపిస్తున్నా సరే, చెప్పుల చప్పుడు పట్టడానికి నేల దగ్గర మరొక మైకు పెట్టమన్నాను. ఎడిటింగ్ జరిగేటప్పుడు నర్తకిని పక్కన కూర్చోబెట్టుకోమన్నాను. ఏ కదలిక ఎక్కడ ముగుస్తుందో ఆ గదిలో తెలిసినది ఆమెకొక్కతికే. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానిపై ఇంకా చర్చ సాగుతూనే వున్నది.