త్వరణమాపకం కొలిచేది త్వరణమేనా?

స్మార్ట్‌ఫోనును బల్ల మీద వెల్లకిలా పెట్టండి. నిశ్చలంగా ఉన్న వస్తువుకు త్వరణం సున్నా అని మీరు హైస్కూల్లోనే చదువుకున్నారు. కాని ఫోనులోని త్వరణమాపకం 9.8 మీ./సె² అని, అదీ పై దిశగా, చూపిస్తుంది. ఇప్పుడు దాన్ని ఒక మీటరు ఎత్తు నుంచి మెత్తటి పరుపు మీదికి జారవిడవండి (ఇంట్లో పెద్దల అనుమతితో సుమా!). పడుతున్న ఆ 0.45 సెకను సేపు ఫోనుకు నిజంగానే 9.8 త్వరణం ఉంటుంది. మాపకం చూపేది మాత్రం దాదాపు సున్నా! లేనప్పుడు ఉందనీ, ఉన్నప్పుడు లేదనీ చెప్పే పరికరాన్ని ఏమనాలి?

ఈ అంకెలను తెరపై చూపే ప్రోగ్రాముల్లో ‘ఫైఫాక్స్’ను ముందుగా చెప్పుకోవాలి. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారై 2016లో విడుదలైంది. ఉచితం. గ్రాఫులు గీస్తుంది, అంకెలను పట్టికగా దాచిపెడుతుంది. ప్రయోగశాల సరిగా లేని కళాశాలకు ఇది వరమే. దానితో నా తగువంతా పేర్ల దగ్గరే. అందులో ‘యాక్సిలరేషన్ విత్ జి’ అని ఒకటి, ‘వితౌట్ జి’ అని మరొకటి ఉన్నాయి. మొదటిదాన్ని ‘గురుత్వంతో కూడిన త్వరణం’ అని తెలుగు చేయబోతే నా కలం ఆగిపోయింది. ఎందుకో చూడండి.

మాపకంలో ఉన్నది కంటికి ఆనని సిలికాన్ దిమ్మ. దాన్ని సిలికాన్ స్ప్రింగులే పట్టుకుని ఉంటాయి. దిమ్మకూ చట్రానికీ దువ్వెన పళ్ళలాంటి పలకలుంటాయి. దిమ్మ జరిగితే పలకల మధ్య ఎడం మారి, వాటి కెపాసిటీ మారుతుంది. దాన్నిబట్టి స్ప్రింగు దిమ్మను ఎంత బలంతో నెడుతోందో తెలుస్తుంది. ఆ బలాన్ని దిమ్మ ద్రవ్యరాశితో భాగించగా వచ్చినదే తెరమీది అంకె. గురుత్వం దిమ్మనూ చట్రాన్నీ ఒకేలా లాగుతుంది కనుక ఆ లాగుడు వల్ల స్ప్రింగు సాగదు, కుదించుకుపోదు. బల్ల మీద ఉన్నప్పుడు స్ప్రింగును ఒత్తేది బల్ల పైకి నెట్టే బలం. పడేటప్పుడు ఆ నెట్టేవాడు లేడు, అంకే లేదు. స్వేచ్ఛగా పడే మనిషికి తన బరువు తెలియదన్న ఆలోచన ఐన్‌స్టీన్‌కు 1907లో తట్టింది. అదే సంగతిని ఈ చిప్పు మన జేబులో కూర్చుని చెబుతోంది.

కాబట్టి ‘గురుత్వంతో’ అని పేరు పెట్టిన అంకెలోనే గురుత్వం లేదు! అందులో ఉన్నది గురుత్వం తప్ప మిగిలిన బలాల మొత్తం, కిలోగ్రాముకు ఇంత చొప్పున. ఆ పేరు చదివిన విద్యార్థి ‘ఫోను భూమ్యాకర్షణను కొలిచింది’ అని ప్రాజెక్టు రిపోర్టులో రాస్తాడు. దిశ కింది వైపు కాకుండా పైకి ఎందుకుందో చెప్పలేక, ఎక్కడో గుర్తు తప్పిందనుకుని మైనస్ పెట్టి సరిచేస్తాడు. తప్పు అతనిది కాదు.

ఇక ‘వితౌట్ జి’ సంగతి. మనం పాఠంలో చెప్పుకునే త్వరణం ఇదే. అయితే దీన్ని ఏ స్ప్రింగూ కొలవలేదు. ఫోను ఎటు వంగి ఉందో గైరోస్కోపు వంటి ఇతర సాధనాల సాయంతో అంచనా కట్టి, నిలువుగా 9.8ని సాఫ్ట్‌వేరు తీసివేస్తుంది. వంపు అంచనా ఒక్క డిగ్రీ తప్పితే చాలు, అడ్డంగా 0.17 మీ./సె² లేని త్వరణం పుట్టుకొస్తుంది. దాన్నిబట్టి దూరం లెక్కిస్తే, కదలని ఫోను పది సెకన్లలో ఎనిమిదిన్నర మీటర్లు నడిచినట్టు తేలుతుంది. ఈ రెండు అంకెలనూ ఒకే రకం పేర్లతో పక్కపక్కన పెట్టడం నాకు నచ్చలేదు. ఒకటి కొలత, రెండోది లెక్క.

లిఫ్టు దొరికితే ఫోనును నేల మీద పెట్టి మొదటి గ్రాఫు తీయండి. పైకి బయలుదేరేటప్పుడు గీత 9.8 దాటుతుంది. సమవేగం రాగానే మళ్ళీ 9.8కి దిగుతుంది. ఆగబోయే ముందు అంతకంటే కిందికి జారుతుంది. మూడు చోట్లా ఫోనును నెడుతున్నది లిఫ్టు నేలే.